బెల్టు ముక్కలు

గడ్డకట్టిన లేనా నది మీద పాతకాలం డ్రైవర్లు బెల్టు పెట్టుకునేవారు కాదు, తలుపు మూసేవారు కాదు. మంచు పగిలితే దూకడానికి అదొక్కటే దారి. ఇప్పటి బండ్లు తమంతట తామే నడుస్తాయి. తలుపు మూసి బెల్టు బిగిస్తేగాని కదలవు.

ముప్ఫై ఏళ్లు ఆ నది మీద లారీ తోలిన న్యుర్గున్, పాత బెల్టుల నుంచి కోసి తెచ్చిన ఇనుప కొసలు రెండు తీశాడు. ఒకటి తన సీటు గాడిలో, ఒకటి కోడలు సర్దానా గాడిలో గుచ్చాడు. రెండు తలుపుల గొళ్లేల్లోనూ చెక్కపేళ్లు దోపాడు. బెల్టులు బిగించారని, తలుపులు మూశారని బండి నమ్మేసి కదిలింది. వెనక ఒడ్డున బడి బస్సు తన వంతు కోసం ఆగి ఉంది.

"ఎందుకు మామయ్యా ఇదంతా? దారి సంగతి అదే చూసుకుంటుందిగా."

"ముందు పోయిన బండి చెప్పిందే ఇది వింటుందమ్మా. అది దాని ముందుదాన్ని వింటుంది. నదిని వినేవాడే లేడు."

నది నడిమికి వచ్చేసరికి చక్రాల కింద మంచు మూలిగింది.

"దూకు," అన్నాడాయన.

ఇద్దరూ మంచులో పడ్డారు. ఖాళీ బండి కొంతదూరం పోయి, ముక్కు వంచి నల్లటి నీళ్లలోకి దిగుతూ ప్రశాంతంగా చెప్పింది: "ప్రయాణికులిద్దరూ క్షేమం. దారి బాగుంది."

అది విని ఒడ్డున బడి బస్సు కదిలింది.

సర్దానా అరుస్తూ రెండు చేతులూ ఊపింది. ఆ బస్సుల్లో డ్రైవరు సీటు ఎప్పుడో తీసేశారు. కిటికీల్లోంచి పిల్లలు నవ్వుతూ తిరిగి చేతులూపారు.