కంచు చూసుకోని నేల

కొండ కింది పచ్చికలో గుర్రాలు పరుగు పందేలు పెట్టుకునేవి. నేల గట్టిగా ఉన్న రోజుల్లో కంచు అనే ఎర్రగుర్రాన్ని మించింది లేదు. ఒకసారి పందేనికి ముందు జోరున వాన కురిసింది. బురదలో కంచు కాళ్లు జారాయి. తుమ్మెద అనే నల్ల ఆడగుర్రం గెలిచింది.

అందరూ తుమ్మెదను మెచ్చుకుంటుంటే కంచుకు కడుపు మండిపోయింది. గడ్డి కూడా సహించలేదు. పచ్చికలోనే గూడు పెట్టుకున్న తీతువు దగ్గరికి వెళ్లి, "దాని కిటుకేమిటి?" అని అడిగింది.

"కిటుకేం లేదయ్యా. కాళ్లు పైకెత్తి పొట్టి అంగలు వేస్తుంది. బురద నేలకు అది కుదిరింది. గట్టి నేల మీద నీ బారు అంగలకు సాటి లేదు. పందేనికి ముందు నేల చూసుకో, చాలు" అంది తీతువు.

"ఇదీ దాని పక్షమే" అనుకుంది కంచు. రోజూ పొదల చాటు నుంచి తుమ్మెదను చూసి, అచ్చం అలాగే అడుగులు వేయడం నేర్చుకుంది.

మళ్లీ పందెం వచ్చింది. వానల్లేక నేల రాయిలా ఉంది. కంచు మాత్రం తుమ్మెద కాళ్లనే చూస్తూ పొట్టి అంగలతో పరుగెత్తింది. ఎన్నడూ గెలవని ఓ ముసలి గుర్రం రెండింటినీ దాటిపోయింది.

తుమ్మెద రొప్పుతూ వచ్చి, "అన్నా, ఇవాళ నేల నీదే కదా! నువ్వే గెలుస్తావని అందరికీ చెప్పాను. మరి నాలా పరుగెత్తావేం?" అంది.

కంచు సిగ్గుతో తల దించుకుంది. కాళ్ల కింది నేల అప్పుడు కనిపించింది దానికి.