తవ్వని బోరు

“ఇప్పుడు సరే అంటే రేపు పొద్దున్నే బండి మీ చేలో ఉంటాది పెద్దాయనా. ఆ తర్వాత బేస్తవారిపేట పక్కకు పోతాది. మళ్ళీ ఎప్పుడొస్తాదో నేను చెప్పలేను,” అన్నాడు గిద్యోను. ఆ చుట్టుపక్కల బోరు బండ్లకు పని కుదిర్చిపెట్టేది అతనే.

మల్లయ్య అరుగు మీద కూర్చుని ఆలోచిస్తున్నాడు. పాత బోరు నీళ్ళు లేక గాలి కొడుతోంది. తోటలో బత్తాయి ఆకులు ముడుచుకుపోయాయి.

“వద్దు నాయనా,” అంటూ ల్యాప్‌టాప్ పట్టుకుని అతని కూతురు కావ్య బయటికొచ్చింది.

“నీ కంపెనీ పని నువ్వు చూసుకో తల్లీ. ఇది సేద్యం.”

కావ్య ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి పని చేస్తుంది. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న కంపెనీ వివరాలన్నీ ఒక నోట్స్ యాప్‌లో సర్దడమే ఆ పని. పట్టికలు వేసి, ఒక్కోదానికి ఒక్కో పేజీ తెరిచి, వెతికితే వెంటనే దొరికేలా లింకులు కలుపుతుంది. ఈ ఎండాకాలం ఆదివారాల్లో తమ ఊరి బోర్లను కూడా అట్లాగే సర్దింది. రాచర్ల రోడ్డు మొదలుకొని కొండవార చేల దాకా తిరిగి, అందర్నీ అడిగి రాసుకుంది, వాళ్ళ మాటలు రికార్డు కూడా చేసుకుంది.

“ఒక్కసారి చూడు నాయనా. తర్వాత నీ ఇష్టం.”

తెర మీద వరుసలు వరుసలుగా బోర్లు. ఎవరిది, ఎంత లోతు, ఎప్పుడు వేశారు, నీళ్ళు పడ్డాయా లేదా. మల్లయ్యకు చదువు రాదు. అందుకని కావ్య ఒక పేరు మీద నొక్కింది. పేజీ తెరుచుకుని, అందులోంచి పుల్లయ్య గొంతు వినబడింది.

“నీళ్ళు ఏడుండాయో టెంకాయతో చూపిచ్చినా, మిషను పెట్టి చూపిచ్చినా, దుమ్మే లేసింది పాపా. మా ఆడామె మొగం చూళ్ళేక ఆ పూట నేను ఇంటికే పోలా.”

మల్లయ్య ఉలిక్కిపడ్డాడు. “రోజూ కలిసి బీడీ తాగుతాం. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే వాడు!”

కావ్య ఇంకో పేజీ తెరిచింది. ఈసారి కొండవార చేని పోలేరమ్మ గొంతు. “బండి పోయినాక ఆ గుంత మీద బండరాయి పెట్టినా, పిల్లోళ్ళు పడతారని. నాకు మిగిలింది ఆ రాయే.”

గిద్యోను ఇబ్బందిగా కదిలాడు. “అందరి చేనూ ఒకటి కాదు పాపా. భూమి లోపలికి పోయి ఎవురు చూసొచ్చినారు?”

“అదీ నిజమే,” అన్నాడు మల్లయ్య. “మన చేని చుట్టుపక్కలయ్యి చూపీ అమ్మా. నీళ్ళుండేవి మాత్రమే.”

కావ్య కాసేపు తటపటాయించింది. తర్వాత తమ చేని పక్కనున్న బోర్లను ఎంచి, ‘ఇప్పుడు నీళ్ళున్నవి’ అన్న చోట నొక్కింది. వరుసలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

“ఏందమ్మా, తెల్లగా అయిపాయె? చెడిపోయిందా?”

“చెడిపోలేదు నాయనా. ఏమీ లేవని దానర్థం.”

మల్లయ్య ఆ తెల్లటి తెరను వేలితో తాకి చూశాడు.

“ఇంకా లోతుకు పోతే?”

“పోయినోళ్ళు కూడా ఇందులోనే ఉండారు నాయనా.”

గడపలో నిలబడి వింటున్న కావ్య తల్లి పోలమ్మ, “మరి చెట్ల సంగతేందే?” అని కూతుర్ని అడిగింది.

“వాన పడతాదిలే అమ్మా,” అంది కావ్య, పోలమ్మ వైపు చూడకుండానే.

మల్లయ్య మెడలోని తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ తర్వాత, “వద్దులే గిద్యోనూ. బండిని పంపించెయ్,” అన్నాడు.

“మీ ఇష్టం పెద్దాయనా,” అంటూ గిద్యోను మోటార్ సైకిల్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

కావ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతకుముందు ఈ పేజీలన్నీ ఎంతోమందికి చూపించింది. అందరూ తల ఊపారు, పాపం అన్నారు, మర్నాడే చేలో బోరు బండి దించారు. విన్నవాడు నాయన ఒక్కడే. ఆ సంతోషంలో లోపలికి వెళ్ళి కొత్త పట్టిక ఒకటి మొదలుపెట్టింది. దానికి ‘ఆపిన బోర్లు’ అని పేరు పెట్టి, మొదటి వరుసలో నాయన పేరు రాసుకుంది.

మల్లయ్య పొద్దుగూకేదాకా తోటలో తిరిగి ఇంటికొచ్చాడు. అన్నం సగంలోనే వదిలి లేచాడు. కదిలిస్తే మనసు మార్చుకుంటాడేమోనని కావ్య ఏమీ అడగలేదు.

తెల్లారి పెద్ద ఇంజను మోతకు ఆమెకు మెలకువ వచ్చింది. చేని వైపు నుంచే. చూస్తే నాయన మంచం ఖాళీ. పోలమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది.

“బండి తెప్పిచ్చినాడా అమ్మా?”

పోలమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది కావ్య. దారి పొడుగునా కోపం, ఏడుపు కలిసి వస్తున్నాయి. కంచె దగ్గరికి చేరేసరికి ఎర్రటి దుమ్ము కమ్మేసి ఎదురుగా ఏమీ కనబడలేదు. ఆ మోతలోకే గట్టిగా అరిచింది.

“నన్ను మోసం చేసినావు గదా నాయనా! నువ్వొక్కడివన్నా నమ్మినావనుకున్నా!”

దుమ్ములోంచి మల్లయ్య నడిచి వచ్చాడు. అతని వెనక బోరు బండి లేదు, ఇనప గొట్టాలు లేవు. జేసీబీ ఒకటి ఇంకా పచ్చగానే ఉన్న బత్తాయి చెట్టును పిందెలతో, వేళ్ళతో సహా పైకి లేపింది.

“నమ్మినా తల్లీ,” అన్నాడు మల్లయ్య. “నమ్మినా గాబట్టే చెట్లు తీపిస్తాండా.”