నిలువు కోత

"అడుగుకు రూపాయి" అన్నాడు రంపంతో దూలాలు కోసే తిరుపాలు, దూలం మీద నుంచి లేవకుండానే.

"రూపాయా! బంగారం కోస్తావా ఏంది?" అన్నాడు కాశిరెడ్డి.

"ఇరవై అడుగుల యేగిమాను దూలం, పెద్దరెడ్డీ. మాను పెట్టి కోసే నా రంపపు గుంట చాలదు, ఇంకా తవ్వాల. నలుగురు లాగాల. పాత మేకులు తగిలితే రంపం పళ్ళు పోతాయి. అయినా నిలువునా చీలిస్తే ఏ సగమూ మిద్దెను మోయదు. ఆలోచించుకోండి."

అన్నీ నిజాలే. ధర ఒక్కటే అబద్ధం. అతని మామూలు ధర నాలుగణాలు.

కాశిరెడ్డీ, అతని తమ్ముడూ మిద్దె విప్పి అన్నీ పంచుకున్నారు. దూలం ఒక్కటే మిగిలింది. పొద్దున్నే వాళ్ళ తల్లి ఓబులమ్మ తిరుపాలు దగ్గరికి వచ్చి బతిమాలింది: "వాళ్ళు పెట్టుకోలేనంత చెప్పు నాయనా. కోత మానుకుంటే దూలాన్ని మళ్ళీ గోడల మీదికే ఎత్తుకుంటారు. ఒకే ఇంట్లో ఉంటారు."

ఏడాదిగా మాటల్లేని అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కనే నిలబడ్డ ఓబులమ్మ పైట కొంగు గట్టిగా పట్టుకుంది.

"ఏమంటావురా?" అన్నాడు కాశిరెడ్డి.

"కోయించుదాం అన్నా. నా సగం నేనిస్తా" అన్నాడు తమ్ముడు పుల్లారెడ్డి.

"నా సగం నేనిస్తా. కోయి తిరుపాలూ."

బేరమైనా ఆడలేదు. తిరుపాలు ఓబులమ్మ వైపు చూశాడు.

"నాలుగణాలకే కోయి నాయనా" అందామె. "ఇద్దరూ ఒక మాట మీదికి రావాలని మొక్కుకుంటి. వచ్చినారు కదా."