పదో సంతకం

"తొమ్మిదయ్యాయండి. మీరూ పెట్టేస్తే పది," అంటూ పాపాయి కాగితాన్ని చివరింటి హరిబాబు ముందుంచింది.

రామచంద్రపురంలో ఆ వీధి మొత్తానికి ఉన్నది ఒక్కటే ఇంటర్నెట్టు, సుడిగాలి నెట్. పేరు చూసి మోసపోయిన కొంపలు పది. ఒక్క పేజీ తెరుచుకునేలోపు అన్నం వండి వార్చుకోవచ్చు. అదీ బతికున్న రోజున. పది రోజులకోసారి పూర్తిగా చచ్చి ఊరుకుంటుంది. ఇవాళ పొద్దున్న కూడా చచ్చింది.

పదిళ్ళవాళ్ళూ సంతకాలు పెడితే రేపే లైను వేస్తానంది కొత్త కంపెనీ. పాపాయి కూతురు దుర్గాశ్రీ ఇంజనీరింగ్ సీటు కోసం కాలేజీల పేర్లు నెట్‌లోనే ఇవ్వాలి. శుక్రవారం దాటితే సీటు సంగతి మర్చిపోవడమే.

సుడిగాలిని తిట్టడంలో హరిబాబుని మించినవాడు లేడు. అడగ్గానే పెడతాడని పాపాయి ఆయన్ని చివరికి ఉంచింది.

"అదీ ఒక కంపెనీయేనాండీ?" ఆయన మొహం చిట్లించాడు. "కొబ్బరిచెట్లకి వైర్లు కట్టేసి ఇంటర్నెట్టంట! సిగ్గుండాలండి."

"అయితే పెట్టేయండి మరి."

హరిబాబు పెన్ను తీశాడు. మళ్ళీ మూత పెట్టాడు.

"మంచి కూడా చూడాలి కదండి. వీళ్ళయితే ఫోన్ చేసిన పావుగంటలో మనిషొస్తాడు. పెద్ద కంపెనీవాడు ఎవడొస్తాడండి?"

"పాడవకపోతే మనిషెందుకండి?" పాపాయికి ఒళ్ళు మండింది.

అంతలో గేటు చప్పుడైంది.

"ఆయ్, వచ్చేశానండి!" అన్నాడు సుడిగాలి లైన్‌మాన్ బుల్లియ్య.

హరిబాబు పెరట్లోని కొబ్బరిచెట్టుకి, మట్టల కింద, సుడిగాలివాళ్ళ డబ్బా ఉంది. అక్కణ్ణుంచి ఆయన మేడ మీదికి, మేడ మీంచి వీధికి వైరు వెళ్తుంది. తెగితే అతుకు పనికిరాదు. చెట్టెక్కి కొత్తది లాగాల్సిందే.

బుల్లియ్య ఎక్కి వైరు బిగించేదాకా హరిబాబు కింద నుంచి తిడుతూనే ఉన్నాడు. తప్పు తమ కంపెనీదే అనుకుని వాడు తన పని తాను చేసుకుపోయాడు.

"ఎలాగూ ఎక్కావు కదా, ఆ గెల దింపెయ్యి," అన్నాడు హరిబాబు. "పోయినసారి వదిలేసిన గోడవార చెట్టు కూడా. గెలలు దోటికి అందవు, దింపువాళ్ళు నెలల తరబడి దొరికి చావట్లేదు."

అన్ని తిట్లు తిన్నవాడు కాదనలేకపోయాడు. కాయలు ధబధబా పడ్డాయి.

"సంతకం సంగతి తర్వాత చూద్దాంలెండి పాపాయిగారూ," అన్నాడు హరిబాబు కాయలు ఏరుకుంటూ.

పాపాయి కాగితం మడుచుకుని వెనుదిరిగింది.

మేడమెట్ల కింద నిలబెట్టిన పొడవాటి దోటికర్రకి కొడవలి కట్టి ఉంది, ఆ కొడవలికి జానెడు నల్లవైరు ముక్క ఇంకా చిక్కుకునే ఉంది.