గొడుగు చెట్టు

"ఎదురుగా కనిపించేదే గీయాలండీ," అన్నారు డ్రాయింగు మాస్టారు. "పెరట్లో చెట్టని చెప్పి ఈ గొడుగేంటి? రేపు మీ ఇంటికొచ్చి స్వయంగా చూస్తాను. పోలిక లేకపోతే మీరిక క్లాసుకి రానక్కర్లేదు."

ఇంటికెళ్లి ఆ మాట చెబితే మా ఆవిడ ముఖం పాలిపోయింది. నేను రిటైరైన దగ్గర్నుంచి, క్లాసుకెళ్లినంత సేపే ఆవిడకి వంటింట్లో నా సలహాలు తప్పుతున్నాయి.

"అయితే ఇక పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారా?" అంది.

"ఉంటాను. నీకూ తోడు."

మర్నాడు మాస్టారు పెరట్లో నిలబడి బొమ్మనీ చెట్టునీ మార్చి మార్చి చూశారు. కింద ఒక్క కొమ్మయినా లేని నిటారు మాను, పైన గుండ్రంగా ఆకుల గుబురు. చెట్టు సాక్షాత్తూ గొడుగే.

"అచ్చు గుద్దినట్టు దించారు. నాదే తప్పు," అన్నారాయన. "మీ పరిశీలన అమోఘం."

నేను గాల్లో తేలిపోతుండగా మా ఆవిడ టీ తెచ్చింది. పరిశీలన అలవాటైంది కదా, ఆవిడని కూడా కాస్త పరకాయించి చూశాను. జుట్టు నిండా రంపపు పొట్టు. అరచేతుల్లో బొబ్బలు.

మాస్టారికి ఆవిడ కనబడకుండా అడ్డంగా నిలబడి టీ తాగాను.

"వచ్చే వారానికి ఊరి చివర కొండ గీయండి," అన్నారు మాస్టారు వెళ్తూ వెళ్తూ.

మా ఆవిడ ఉన్న చోటే చతికిలబడింది.