మాఫీ అడిగిన పూట

మూలింట్లో అద్దెకు దిగిన కొత్తాయన ఆసుపత్రివాళ్ల మనిషనీ, జనాన్ని మాయచేసి సూదిమందుకు తోలుకుపోవడమే ఆయన పననీ కుట్టుపనామె చెప్పిందట.

ఆమెకు చెప్పింది రేడియో.

రేడియో అంటే వీధి మొదట్లో గడియారాలు బాగుచేసే పెద్దాయన. రికార్డు చేసి పంపే ఆయన గొంతు ఫోన్లో మోగని ఇల్లు లేదు.

"అంటురోగమూ లేదు, రొష్టూ లేదు. మనల్ని మసీదుకు దూరం చేసే కుట్ర! ఆ సూది పడిందా, వంశం ఆగిపోయిందే!"

ఓ పొద్దున కొత్తాయన కొట్టు ముందు ఆగాడు.

"ఫోన్లో తిరిగే ఆ మాటలు మీవేనా చాచా?"

"నావే. నాలుగూళ్లు తిరిగాయి!"

"నిజమో కాదో విచారించకుండా నలుగురి చెవుల్లో ఊదొద్దని కదా మన మతం, మన దీన్ చెప్పింది?"

"నిన్నగాక మొన్న దిగినవాడివి, నాకు దీన్ నేర్పుతావా? ఎవడు పంపాడ్రా నిన్ను?"

వీధి వీధంతా నవ్వింది. కొత్తాయన తల వంచుకుని వెళ్లిపోయాడు.

పది రోజులకు రేడియోకు ఊపిరాడలేదు. "ఆసుపత్రికి పోతే చంపేస్తారు" అంటూ మంచంపట్టె వదల్లేదు. చుట్టాలు గడప అవతలే ఆగారు. చివరికి వీపున వేసుకుని ఆసుపత్రికి మోసింది కొత్తాయనే.

అప్పటికే ఆలస్యమైంది.

శవానికి స్నానం చేయించడానికీ ఎవరూ ముందుకు రాలేదు. కొత్తాయనే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, గోరువెచ్చని నీళ్లు పసిబిడ్డకు పోసినట్టు పోశాడు. తెల్లటి కఫన్ గుడ్డ చుట్టాడు.

"మనిషి కాదమ్మా, ఫరిష్తా! దేవదూత!" అంది కుట్టుపనామె. నాలుక్కి నరం లేదు కదా!

శవం ముందు చదివే జనాజా నమాజుకు ముందు రేడియో కొడుకు జనం వైపు తిరిగాడు.

"మా నాన్న ఎవరినైనా నొప్పించి ఉంటే మాఫ్ చేయండి."

"మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చేయాలి. లేకపోతే పోయినవాడికి విడుదల లేదు. గట్టిగా చెప్పండి" అన్నారు ఇమాం.

"మాఫ్ చేశాం" అన్నారందరూ.

"నేను చేయను."

తలలన్నీ అటు తిరిగాయి. కొత్తాయన!

కొడుకు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "భాయ్, మోసింది నువ్వే, కడిగింది నువ్వే! ఆ ఒక్క మాటా అనేయ్ భాయ్. లేకపోతే ఆయన్ని మట్టిలో ఎలా పెట్టను?"

"మోయడం, కడగడం బతికున్నవాళ్ల మీదున్న విధి. చేశాను."

"మరి ఇదెందుకు చేయవు?"

"ఫోన్లో మా ఊరిదాకా వచ్చిన ఆ గొంతు ఎవరిదో వెతుక్కుంటూనే మీ వీధికొచ్చాను. అది నమ్మి, సూదీ వద్దు, ఆసుపత్రీ వద్దంటూ నా చేతుల్లో పోయింది నా భార్య. మాఫీ ఆమెనడగండి."