పులి అడుగులో పిట్ట అడుగు

ఆ అడవిలో కబుర్లు చెప్పే పని తరతరాలుగా తీతువు పిట్టది. కబురు విన్న జంతువులు మేస్తూ గడ్డి కదిలించి, లేచిన పురుగుల్ని దానికి వదిలేవి. గోరువంకలు వచ్చి నవ్వులు కలిపి కబుర్లు చెప్పడం మొదలెట్టాక ఆ పురుగులూ వాటికే పోయాయి. తీతువు చిక్కి సగమైంది.

ఒక ఎండాకాలం దుప్పి పిల్లను వెంటబెట్టుకుని ఏటికి బయల్దేరింది.

"పులి కొండెక్కిపోయిందక్కా, హాయిగా వెళ్ళు," అంది గోరువంక.

"నువ్వు చూశావా?"

"ఇంతమంది అంటుంటే మళ్ళీ నేను చూడాలా?"

ఏటిమలుపు తిరగ్గానే దుప్పి కాళ్ళు ఆగిపోయాయి. తడి ఇసుకలో పులి అడుగులు. ఒక అడుగులో నిలబడి తీతువు కిందికి చూస్తోంది. అందులో నీరింకా ఊరుతోంది. ఒక్కో అడుగులోనూ కాలు పెట్టుకుంటూ అది రెల్లుగడ్డి దాకా నడిచి, మెడ సాచి లోపలికి చూసింది. లోపల చారల వీపు కదిలింది.

తీతువు ఎగిరి రాతి మీద వాలింది. "పులి రెల్లులో ఉంది. చూసి చెబుతున్నాను," అని మూడుసార్లు అరిచింది. రాతి చుట్టూ ఒక్క జంతువూ లేదు.

దుప్పి పిల్లను వెనక్కి నెట్టుకుంటూ మెల్లగా అడిగింది. "వినేవాళ్ళే లేరు కదా తీతువత్తా, అంత దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"దూరం నుంచి చూస్తే 'ఉన్నట్టుంది' అని చెప్పాలి తల్లీ. ఆ మాటకు దాహంతో ఉన్న నీ పిల్ల ఆగుతుందా?"

దుప్పి పిల్లతో వెనుదిరిగింది. వెళుతూ వెళుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. పులి అడుగులు ఒక్కోటీ తన పిల్ల తలంత ఉన్నాయి. ప్రతిదాని నడుమా మూడు గీతల చిన్న అడుగు, రెల్లు అంచుదాకా.